మార్పు చేప డింభకాల పెంపకం: తొలి పదిహేను రోజులలో బ్రతుకుదలను, ఎదుగుదలను నిర్ణయించే అంశాలు

సారాంశం

దేశీయ మార్పు చేప (క్లారియస్ మాగుర్) సాగు విస్తరించకపోవడానికి ప్రధాన కారణం నాణ్యమైన పిల్ల తగినంతగా లభించకపోవడం. ప్రేరేపిత ప్రజననం ద్వారా గుడ్లను పొందే విధానం స్థిరపడినప్పటికీ, డింభకాలలో గణనీయమైన భాగం తొలి రెండు వారాలలోనే నశిస్తున్నది. ఈ నష్టం రోజూ సమానంగా జరగదు. తొలి మేత అందుకొనే దశ, పొడి మేతకు మళ్ళే దశ, గాలి పీల్చడం ప్రారంభించే దశ అనే మూడు ఘట్టాలలో అది ఎక్కువగా ఉంటుంది. వీటికి స్వజాతి భక్షణ తోడవుతుంది. ప్రతి ఘట్టంలో డింభకం శరీరంలో జరిగే పరిణామాలు, వాటికి అనుగుణమైన యాజమాన్యం ఈ వ్యాసంలో వివరించబడినవి. చనిపోయి దొరికిన డింభకాలను, లెక్కకు రాకుండా పోయిన డింభకాలను వేర్వేరుగా నమోదు చేసినప్పుడే నష్టానికి అసలు కారణం తెలుస్తుందని, ఆ నమోదు లేని బ్రతుకుదల శాతం హేచరీకి దారి చూపలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

ముఖ్య పదాలు: మార్పు చేప, డింభకాలు, తొలి మేత, ఆర్టీమియా, మొయినా, స్వజాతి భక్షణ, బ్రతుకుదల శాతం

పరిచయం

మార్పు చేప వరి పొలాలు, కాలువలు, చిత్తడి నేలలు, కొల్లేరు వంటి లోతు తక్కువ జలాశయాలలో సహజంగా పెరిగే చేప. మొప్పలతోపాటు అదనపు శ్వాసాంగం ఉండటం వలన ఇది గాలిని నేరుగా పీల్చుకోగలదు. ఆక్సిజన్ తక్కువగా ఉన్న నీటిలోనూ జీవించగలదు. మార్కెట్టుకు ప్రాణంతో చేరడం, ముళ్ళు తక్కువగా ఉండటం, కోలుకుంటున్న రోగులకు మంచి ఆహారమన్న నమ్మకం కారణంగా తూర్పు, ఈశాన్య రాష్ట్రాలలో దీనికి గిరాకీ ఎక్కువ. బీహార్ దీనిని తన రాష్ట్ర చేపగా ప్రకటించుకొన్నది. చాలా కాలం క్లారియస్ బట్రాకస్ అనే పేరుతో గ్రంథాలలో వ్యవహరించబడిన ఈ భారతీయ చేపను ఇప్పుడు క్లారియస్ మాగుర్ అనే ప్రత్యేక జాతిగా గుర్తిస్తున్నారు. పాత పరిశోధనా పత్రాలు చదివే విద్యార్థులు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

సహజ జలాలలో ఈ చేప తగ్గిపోతున్నది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దీనిని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చింది. చిత్తడి నేలలు తరిగిపోవడం, పురుగుమందుల వాడకం, విచక్షణ లేని వేట ఇందుకు కారణాలు. మరొకవైపు, త్వరగా పెరిగే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ (క్లారియస్ గారీపినస్) అక్రమంగా దేశంలోకి వచ్చి వ్యాపించింది. స్థానిక జలచరాలను తినివేసే స్వభావం కారణంగా దాని పెంపకాన్ని దేశంలో నిషేధించారు. అయినా చాటుమాటుగా దాని సాగు సాగుతూనే ఉండటానికి ఒక కారణం స్పష్టమైనది: ఆఫ్రికన్ జాతి పిల్ల సులభంగా, చౌకగా దొరుకుతుంది, దేశీయ మార్పు చేప పిల్ల దొరకదు. నిషేధాన్ని అమలు చేసే యంత్రాంగం ఎంత అవసరమో, రైతుకు చట్టబద్ధమైన ప్రత్యామ్నాయాన్ని అందించే హేచరీ కూడా అంతే అవసరం. పిల్ల కొరత తీరనంత కాలం సాగుదారు సహజ జలాల నుండి పిల్లను పట్టి తెచ్చుకొంటాడు, లేదా నిషిద్ధ జాతి వైపు మొగ్గుతాడు. కాబట్టి డింభకాల బ్రతుకుదల హేచరీ లాభనష్టాలకు మాత్రమే పరిమితమైన విషయం కాదు.

గుడ్ల సేకరణ, పొదుగుదల

మార్పు చేప తొలకరి వానలతో, జూన్ నుండి ఆగస్టు వరకు, ప్రజననానికి వస్తుంది. ఒక ఆడ చేప ఇచ్చే గుడ్ల సంఖ్య బొచ్చె, రోహు వంటి కార్పు చేపల గుడ్లతో పోలిస్తే చాలా తక్కువ. కార్పు హేచరీలో లక్షలలో గుడ్లు వచ్చినప్పుడు కొంత నష్టాన్ని సంఖ్యతో పూడ్చుకోవచ్చు. మార్పు చేప విషయంలో గుడ్ల సంఖ్య వేలలోనే ఉండటం వలన ఆ వెసులుబాటు లేదు. మగ చేప పొట్ట నొక్కి శుక్రద్రవాన్ని తీయడం సాధ్యం కాదు. దానిని చంపి వృషణాలను బయటకు తీసి, 0.9 శాతం ఉప్పు ద్రావణంలో నలిపి, ఆ ద్రావణాన్ని గుడ్లతో కలపవలసి ఉంటుంది. అంటే ప్రతి విడత పొదుగుదలకూ కొన్ని ప్రజనక చేపలు బలి అవుతాయి. ఆ తరువాత డింభకాలను నిర్లక్ష్యం చేస్తే ఆ నష్టమంతా వృథా అవుతుంది.

కృత్రిమ హార్మోను ఇంజెక్షన్ ఇచ్చిన 16–18 గంటల తరువాత ఆడ చేపల నుండి గుడ్లు తీస్తారు. గుడ్లు జిగురుగా ఉండి అడుగుకు అంటుకొంటాయి. అందుకే భువనేశ్వర్ సమీపంలోని కౌసల్యాగంగలో ఉన్న కేంద్రీయ మంచినీటి జలచర సాగు పరిశోధనా సంస్థ, చిన్న ప్లాస్టిక్ తొట్లను వరుసగా అమర్చి, వాటి గుండా నీరు నెమ్మదిగా ప్రవహించే హేచరీ నమూనాను రూపొందించి ప్రచారంలోకి తెచ్చింది. 27–30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత వద్ద గుడ్లు సుమారు 24–26 గంటలలో చిట్లుతాయి. తెల్లగా మారిన చెడు గుడ్లను అప్పటికప్పుడు తీసివేయకపోతే వాటి మీద పెరిగిన బూజు పక్కనున్న మంచి గుడ్లకు పాకుతుంది.

ఈ దశలో తీసుకోవలసిన ఒక జాగ్రత్త ఫలితం రెండు వారాల తరువాత కనిపిస్తుంది. కొన్ని గంటల తేడాతో చిట్లిన డింభకాలను ఒకే తొట్టిలో కలపకూడదు. ఆ తేడా తొలి రోజున కంటికి ఆనదు. కాని ముందుగా మేత అందుకొన్నవి ముందుగా పెరిగి, పదవ రోజు నాటికి వెనుకబడిన వాటిని వేటాడే స్థితికి చేరుకొంటాయి. ఒక్కో విడతను, వీలైతే ఒక్కో తల్లి చేప సంతతిని, విడిగా ఉంచడం ఖర్చు లేని నివారణ చర్య.

డింభకం శరీరంలో జరిగే పరిణామాలు

అప్పుడే వెలువడిన డింభకం పొడవు సుమారు 5 మిల్లీమీటర్లు. దానికి నోరు తెరుచుకొని ఉండదు; జీర్ణాశయం ఏర్పడి ఉండదు. సొన సంచిలోని నిల్వ మీద 3–4 రోజులు గడుపుతుంది. ఆ కాలంలోనే మీసాలు, నోరు, ప్రాథమికమైన ప్రేగు రూపొందుతాయి. సొన నిల్వ పూర్తిగా తరిగిపోక ముందే డింభకం బయటి మేతను అందుకోవడం మొదలుపెడుతుంది.

తొలి మేత నాటికి డింభకానికి ప్రేగు ఉన్నా, ఆమ్లాన్ని, పెప్సిన్‌ను స్రవించే నిజమైన జీర్ణాశయం ఉండదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మీద ఇతర దేశాలలో జరిగిన అధ్యయనాలలో, 28 డిగ్రీల పరిసరాలలో, తొలి మేత మొదలైన నాలుగైదు రోజులకు జీర్ణాశయం పని చేయడం ప్రారంభిస్తుందని తేలింది. అది మార్పు చేపకు దగ్గరి బంధువైన జాతి కాబట్టి ఈ కాలక్రమాన్ని మార్గదర్శకంగా తీసుకోవచ్చు. కాని ఉష్ణోగ్రతను బట్టి, జాతిని బట్టి ఒకటి రెండు రోజుల తేడా ఉండవచ్చు. అందువలన క్యాలెండర్ తేదీ కంటే డింభకం చేరుకొన్న దశను చూసి నిర్ణయాలు తీసుకోవడం మేలు.

10–12 రోజుల వయస్సులో అదనపు శ్వాసాంగం పని చేయడం మొదలవుతుంది. డింభకాలు ఉపరితలానికి వచ్చి గాలి మింగి కిందికి వెళ్తుంటాయి. అంతవరకు అవి పూర్తిగా నీటిలోని ఆక్సిజన్ మీదనే ఆధారపడి ఉంటాయి. మార్పు చేప ఏ నీటిలోనైనా బ్రతుకుతుందన్న సామాన్య అభిప్రాయం ఎదిగిన చేపకు వర్తిస్తుంది కాని డింభకానికి వర్తించదు.

తొలి మేత

తొలి మేత ఆలస్యమైతే డింభకం వెంటనే చనిపోదు. బలహీనపడి, మేత ఎదురుగా ఉన్నా అందుకోలేని స్థితికి చేరుతుంది. ఆ స్థితి దాటిన తరువాత మేత వేసినా ప్రయోజనం ఉండదు. మరణాలు రెండు మూడు రోజుల తరువాత కనిపిస్తాయి కాబట్టి హేచరీ నిర్వాహకులు వాటిని వ్యాధిగా భావించి మందులు వాడటం జరుగుతుంటుంది. కాబట్టి సొన సంచి పూర్తిగా అదృశ్యమయ్యే వరకు వేచి చూడకుండా, మూడవ రోజు నుండే కొద్ది కొద్దిగా సజీవ మేత అందించాలి.

సజీవ మేతలలో ఆర్టీమియా పిల్లలు అత్యంత అనుకూలమైనవి. వీటి పరిమాణం అర మిల్లీమీటరు లోపు. కదలిక వలన డింభకాలను ఆకర్షిస్తాయి. వాటి కణజాలంలోని ఎంజైములు, సులభంగా జీర్ణమయ్యే మాంసకృత్తులు జీర్ణాశయం లేని డింభకానికి అనుకూలిస్తాయి. ఆర్టీమియా గుడ్లను ఉప్పు నీటిలో, 28–30 డిగ్రీల వద్ద, వెలుతురు, బలమైన గాలి సరఫరాతో ఉంచితే సుమారు ఒక రోజులో పొదుగుతాయి. అప్పుడే వెలువడిన పిల్లలను వెంటనే వాడాలి. గంటలు గడిచేకొద్దీ వాటి శరీరంలోని నిల్వ తరిగి పోషక విలువ తగ్గుతుంది. ఖాళీ పెంకులు, పొదగని గుడ్లు డింభకాల ప్రేగులో అడ్డుపడే ప్రమాదమున్నందున పిల్లలను వెలుతురు వైపు ఆకర్షించి వేరు చేసి, మంచినీటితో కడిగి అందించాలి. మంచినీటిలో ఆర్టీమియా కొన్ని గంటలకు మించి జీవించదు. ఒకేసారి ఎక్కువగా వేస్తే మిగిలినది చనిపోయి అడుగున కుళ్ళుతుంది. అందువలన తక్కువ మోతాదులో, పగలు నాలుగైదు సార్లు, రాత్రి ఒకటి రెండు సార్లు వేయాలి. రాత్రి మేతను మానకూడదు. ఈ చేపకు చీకటిలో మేయడం సహజ లక్షణం.

మేత అందినదా లేదా అని తెలుసుకోవడానికి సులభమైన పరీక్ష ఉన్నది. డింభకం శరీరం పారదర్శకంగా ఉండటం వలన ఆర్టీమియా తిన్న వాటి పొట్ట నారింజ రంగులో కనిపిస్తుంది. మేత వేసిన అరగంట తరువాత తొట్టిలోని వేర్వేరు చోట్ల నుండి 20 డింభకాలను తెల్లని గిన్నెలోకి తీసి భూతద్దంతో చూడాలి. పొట్ట ఖాళీగా ఉన్నవి నాలుగైదుకు మించితే మేత పరిమాణంలోనో, పంపిణీలోనో, డింభకాల ఆరోగ్యంలోనో లోపమున్నట్లు భావించి కారణాన్ని వెదకాలి. ఐదు నిమిషాల ఈ పని, రెండు రోజుల తరువాత రాబోయే మరణాలను ముందుగానే సూచిస్తుంది.

ఆర్టీమియా గుడ్లు ఖరీదైనవి. ఎక్కువగా దిగుమతి మీద ఆధారపడినవి. గ్రామస్థాయి హేచరీలకు మొయినా మంచి ప్రత్యామ్నాయం. ఇది మంచినీటి జీవి కాబట్టి తినబడే వరకు తొట్టిలో ప్రాణంతో ఉంటుంది. నీటిని త్వరగా పాడుచేయదు. దీని పిల్లలు తొలి మేతకు సరిపోయేంత చిన్నవి; ఎదిగిన మొయినా నాలుగైదు రోజుల తరువాత పెరిగిన డింభకాలకు సరిపోతుంది. జల్లెడతో పరిమాణాలను వేరు చేయాలి. చెరువు నుండి నేరుగా పట్టిన జంతు ప్లవకాలను వాడేటప్పుడు సైక్లోప్స్, నీటి పురుగుల పిల్లలు కూడా కలిసి వస్తాయి. ఇవి మెత్తని డింభకాలను గాయపరచి చంపగలవు. కాబట్టి విడిగా తొట్లలో పెంచిన మొయినానే వాడటం క్షేమం. డింభకాలు మేతకు సిద్ధమైన తరువాత మొయినా సాగు ప్రారంభిస్తే ప్రయోజనం లేదు. ప్రజనక చేపలకు ఇంజెక్షన్ ఇవ్వడానికి కనీసం వారం ముందే తొట్లను సిద్ధం చేయాలి.

పొడి మేతకు మళ్ళింపు

సజీవ మేత మీదనే పదిహేను రోజులు నడపడం ఖర్చుతో కూడుకొన్నది. మరీ త్వరగా పొడి మేతకు మళ్ళించడం ప్రాణనష్టంతో కూడుకొన్నది. జీర్ణాశయం పని ప్రారంభించిన తరువాతే పొడి మేతలోని మాంసకృత్తులను డింభకం బాగా వినియోగించుకోగలదు. అంటే పొదిగిన తరువాత సుమారు ఏడెనిమిది రోజుల వయస్సు నుండి మళ్ళింపు ప్రారంభించవచ్చు. ఒక్కసారిగా కాకుండా, నాలుగైదు రోజుల పాటు రెండు మేతలను కలిపి ఇస్తూ సజీవ మేత వాటాను క్రమంగా మూడు వంతుల నుండి సగానికి, సగం నుండి పావు వంతుకు తగ్గించాలి. ఈ కాలంలో ముందుగా పొడి మేతను, కొంత వ్యవధి తరువాత సజీవ మేతను వేస్తే ఆకలిగా ఉన్న డింభకాలు కొత్త మేతకు అలవాటుపడతాయి.

పొడి మేతలో మాంసకృత్తులు అధికంగా, సుమారు 50 శాతం, ఉండాలి. చేపపొడి వంటి జంతు సంబంధిత పదార్థాలు ప్రధాన భాగంగా ఉండాలి. రేణువు డింభకం నోటి వెడల్పులో సగానికి మించకూడదు. రేణువు ఎంత చిన్నదైతే నీటికి తగిలే ఉపరితలం అంత ఎక్కువ. నీటిలో కరిగే విటమిన్లు కొద్ది నిమిషాలలోనే బయటకు పోతాయి. అడుగున గంట సేపు పడి ఉన్న పొడి మేత ఆహారం కాదు, నీటిని పాడుచేసే వ్యర్థం మాత్రమే. ఉడికించిన గుడ్డు మిశ్రమం, నత్త మాంసం వంటివి వాడే చోట ఈ జాగ్రత్త మరింత అవసరం.

నీరు, సాంద్రత, వెలుతురు

డింభకాల తొట్టిలో 8–10 సెంటీమీటర్ల లోతు నీరు చాలు. చదరపు మీటరుకు 2000–3000 డింభకాలు సాధారణంగా సిఫారసు చేయబడే సాంద్రత. 10 సెంటీమీటర్ల లోతులో చదరపు మీటరుకు 100 లీటర్ల నీరు ఉంటుంది కాబట్టి ఇది లీటరుకు 20–30 డింభకాలతో సమానం. నీటి ప్రవాహం, గాలి సరఫరా లేనిచోట ఈ సంఖ్యను తగ్గించుకోవాలి.

డింభకాలు వెలుతురుకు దూరంగా, మూలలలో గుంపులుగా చేరుతాయి. తొట్టి మధ్యలో కొలిచిన ఆక్సిజన్ సంతృప్తికరంగా ఉన్నా, గుంపు అడుగున ఉన్న వాటికి అది అందకపోవచ్చు. కాబట్టి కొలతను గుంపు ఉన్న చోటనే తీసుకోవాలి. గుండ్రని తొట్లు వాడటం, మూలలకు సన్నని గాలి బుడగలు చేరేటట్లు చూడటం, తొట్టి మొత్తానికి సమానంగా నీడ కల్పించడం ద్వారా గుంపులను పలుచన చేయవచ్చు. తక్కువ వెలుతురులో పెంచిన క్యాట్‌ఫిష్ డింభకాలలో పరస్పర దాడులు తగ్గి ఎదుగుదల మెరుగుపడినట్లు పలు అధ్యయనాలు సూచిస్తున్నవి. తొట్టి మీద నల్లని వల లేదా షీటు పరచడం చవకైన ఏర్పాటు. పి.వి.సి. గొట్టపు ముక్కలు, పెంకులు వంటి దాగుచోట్లు కూడా ఉపయోగపడతాయి. అయితే వాటి కింద వ్యర్థాలు పేరుకోకుండా రోజూ తీసి కడగాలి.

అమ్మోనియా విషయంలో మొత్తం పరిమాణం కంటే పి.హెచ్ ముఖ్యం. 28 డిగ్రీల వద్ద మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన అయనీకరణం చెందని భాగం పి.హెచ్ 7 ఉన్నప్పుడు ఒక శాతం లోపు, పి.హెచ్ 8 ఉన్నప్పుడు 6–7 శాతం, పి.హెచ్ 9 ఉన్నప్పుడు సుమారు 40 శాతం ఉంటుంది. ఆకుపచ్చగా మారిన చెరువు నీటి పి.హెచ్ మధ్యాహ్నం వేళ బాగా పెరుగుతుంది. అటువంటి నీటిని మధ్యాహ్నం డింభకాల తొట్లలోకి వదిలితే, అంతవరకు ప్రమాదం లేని అమ్మోనియా కూడా ప్రాణాంతకం కావచ్చు. బోరు నీటికి వేరే లోపం ఉన్నది. అందులో ఆక్సిజన్ తక్కువగా, కొన్ని చోట్ల ఇనుము ఎక్కువగా ఉంటుంది. దానిని ఒక రోజు ముందుగా వేరే ట్యాంకులో జల్లుగా పడనిచ్చి, గాలి తగలనిచ్చి, తేరిన తరువాత వాడాలి. రోజుకు రెండు సార్లు సైఫన్ ద్వారా అడుగు వ్యర్థాలను తొలగించడం తప్పనిసరి.

గాలి పీల్చే దశ

ఈ దశలో డింభకాలు పదే పదే పైకి వస్తుంటే ఆక్సిజన్ లోపమని భావించడం సహజం. వయస్సు 10–12 రోజులై, చురుకుగా పైకి వచ్చి వెంటనే కిందికి దిగుతుంటే అది సహజ ప్రవర్తన. ఉపరితలం వద్దనే వేలాడుతూ, తాకినా కదలకుండా ఉంటే అది ప్రమాద సూచన. నీటి లోతు ఎక్కువైతే ప్రతిసారీ పైకి ఈదడానికి శక్తి ఖర్చవుతుంది. మేత నుండి వచ్చిన శక్తి ఎదుగుదలకు బదులు ఈతకు పోతుంది. కాబట్టి లోతును ఈ దశ పూర్తయ్యే వరకు పెంచకూడదు. మేత నూనె, మాంసపు కొవ్వు వలన నీటి మీద ఏర్పడే జిడ్డు పొరను కాగితంతోనో, పైపొర నీటిని పారబోయడం ద్వారానో తొలగించాలి. ఈ రెండు మూడు రోజులలో డింభకాలను వేరే తొట్లకు తరలించడం, రవాణా చేయడం వాయిదా వేయాలి.

స్వజాతి భక్షణ

క్యాట్‌ఫిష్ డింభకాలలో స్వజాతి భక్షణ రెండు రూపాలలో ఉంటుంది. మొదటి రూపంలో, దాదాపు సమాన పరిమాణం గల డింభకం మరొకదాని తోకను లేదా పొట్టను కొరుకుతుంది. గాయపడినది చనిపోతుంది, కళేబరం తొట్టిలో మిగులుతుంది. రెండవ రూపంలో, పెద్దది చిన్నదానిని తల వైపు నుండి పూర్తిగా మింగుతుంది. ఏ ఆనవాలూ మిగలదు. రెండవ రూపం మొదలైన తరువాత మింగిన డింభకం మరింత వేగంగా పెరుగుతుంది, పరిమాణ భేదం మరింత పెరుగుతుంది. అంటే నష్టం తనను తానే పెంచుకొంటుంది.

దీనిని తగ్గించే చర్యలు మూడు: మేత ఎప్పుడూ కొరత లేకుండా తొట్టి అంతటా అందేటట్లు చూడటం, వెలుతురు తగ్గించడం, పరిమాణం ప్రకారం వేరు చేయడం. ఎనిమిదవ రోజు నుండి ప్రతి మూడు నాలుగు రోజులకు ఒకసారి తగిన రంధ్రాలున్న జల్లెడతో పెద్దవాటిని వేరు చేయాలి. గాలి పీల్చే దశ నడుస్తుంటే ఒకటి రెండు రోజులు ఆగవచ్చు. ఆ సమయంలో స్పష్టంగా పెద్దవిగా ఉన్న కొద్దిపాటి డింభకాలను మాత్రం చిన్న గిన్నెతో నీటితో సహా తీసివేయాలి. వందలో నాలుగైదు పెద్దవాటిని తొలగించినా మిగిలిన వాటికి రక్షణ లభిస్తుంది.

పట్టిక 1. డింభకాల వయస్సు, దశ, చేయవలసిన పనులు

| వయస్సు (రోజులు) | దశ | మేత | ముఖ్యమైన పని |
|---|---|---|---|
| 0–2 | సొన సంచి | అవసరం లేదు | చెడు గుడ్లు, పెంకుల తొలగింపు. విడతలను విడిగా ఉంచడం |
| 3–4 | తొలి మేత | ఆర్టీమియా లేదా చిన్న మొయినా | పొట్ట రంగు పరీక్ష. రాత్రి మేత |
| 5–7 | జీర్ణాశయం రూపొందే దశ | సజీవ మేత | రోజుకు రెండు సార్లు సైఫన్, నీడ |
| 8–11 | పొడి మేతకు మళ్ళింపు | సజీవ, పొడి మేతల మిశ్రమం | తొలి వర్గీకరణ |
| 10–12 | గాలి పీల్చడం ప్రారంభం | మిశ్రమం | లోతు పెంచకుండా ఉంచడం. జిడ్డు పొర తొలగింపు |
| 13–15 | చిరుపిల్ల | పొడి మేత | రెండవ వర్గీకరణ; లెక్కింపు; నర్సరీకి తరలింపు |

చనిపోయినవి, కనిపించనివి

హేచరీలలో సాధారణంగా నమోదయ్యేది ఒకే సంఖ్య: వదిలిన డింభకాలలో ఎన్ని శాతం బ్రతికాయి అనేది. ఈ ఒక్క సంఖ్య కారణాన్ని చెప్పలేదు. ఊహించిన రెండు తొట్ల ఉదాహరణను పరిశీలిద్దాం. రెండింటిలోనూ నాలుగవ రోజున 1000 డింభకాలు వదిలి, పదిహేనవ రోజున లెక్కించగా 520 చొప్పున మిగిలాయనుకొందాం. బ్రతుకుదల రెండింటిలోనూ 52 శాతం. మొదటి తొట్టిలో సైఫన్ చేసినప్పుడు దొరికిన కళేబరాలు 400. లెక్కకు రానివి 80. రెండవ తొట్టిలో దొరికిన కళేబరాలు 100. లెక్కకు రానివి 380. మొదటి తొట్టి సమస్య నీటిలోనో, మేతలోనో, వ్యాధిలోనో ఉన్నది. రెండవ తొట్టి సమస్య స్వజాతి భక్షణ. మొదటి తొట్టికి జల్లెడ పట్టడం వలన ఒత్తిడి పెరిగి నష్టం ఎక్కువవుతుంది. రెండవ తొట్టికి నీరు మార్చడం వలన ఏ ప్రయోజనమూ ఉండదు. ఒకే శాతానికి పూర్తిగా భిన్నమైన చికిత్సలు అవసరమవుతున్నవి.

ఈ లెక్క నమ్మదగినదిగా ఉండాలంటే కళేబరాలను ఉదయం, సాయంత్రం సేకరించాలి. డింభకం శరీరం మెత్తనిది కాబట్టి ఒక రోజు ఆలస్యమైతే కుళ్ళి కరిగిపోతుంది, లేదా ఇతర డింభకాలు తినివేస్తాయి. అప్పుడు చనిపోయినది కూడా కనిపించనిదిగా నమోదవుతుంది. సేకరించిన కళేబరాలలో తోక లేదా పొట్ట కొరికినట్లున్న వాటిని విడిగా లెక్కిస్తే మొదటి రూపపు స్వజాతి భక్షణ కూడా తెలుస్తుంది. రోజువారీ మరణాలను వయస్సుతో జతపరచి గీత గీస్తే, నష్టం ఏ ఘట్టం వద్ద శిఖరానికి చేరిందో నిర్వాహకుడికే అర్థమవుతుంది.

ప్రయోగాలు చేసే విద్యార్థులకు సూచనలు

ఎదుగుదలను సగటు బరువుతో మాత్రమే అంచనా వేయడం తప్పుదారి పట్టించవచ్చు. చిన్నవి చనిపోయినా, మింగబడినా మిగిలిన వాటి సగటు బరువు దానంతటదే పెరుగుతుంది. ఉదాహరణకు ఒక మేతతో బ్రతుకుదల 80 శాతం, సగటు బరువు 30 మిల్లీగ్రాములు. మరొక మేతతో బ్రతుకుదల 50 శాతం, సగటు బరువు 42 మిల్లీగ్రాములు అనుకొంటే, సగటు బరువు ప్రకారం రెండవది మెరుగు. కాని వదిలిన ప్రతి డింభకానికి లభించిన జీవరాశి మొదటి మేతతో 24 మిల్లీగ్రాములు, రెండవ మేతతో 21 మిల్లీగ్రాములు. బ్రతుకుదలను, సగటు బరువును, ఈ గుణకారాన్ని, బరువుల వ్యత్యాస గుణకాన్ని కలిపి నివేదించినప్పుడే మేత విలువ సరిగా తెలుస్తుంది.

విశిష్ట ఎదుగుదల రేటును తుది, తొలి బరువుల సహజ సంవర్గమానాల భేదాన్ని రోజుల సంఖ్యతో భాగించి, 100తో గుణించి పొందుతారు. 3 మిల్లీగ్రాముల డింభకం 11 రోజులలో 40 మిల్లీగ్రాములకు చేరితే ఈ రేటు రోజుకు సుమారు 23.5 శాతం. ఇంతటి వేగం డింభక దశలో సహజం. దీనిని తరువాతి దశల రేట్లతో పోల్చకూడదు.

ప్రయోగపు ప్రమాణం డింభకం కాదు, తొట్టి. ఒక్కో మేతకు ఒక్కో తొట్టి కేటాయించి, ప్రతి తొట్టి నుండి 50 డింభకాలను తూచినంత మాత్రాన 50 పునరావృత్తులు కావు. అది ఒకే పునరావృత్తి. ప్రతి మేతకు కనీసం మూడు తొట్లు ఉండాలి. అవి యాదృచ్ఛికంగా అమర్చబడాలి. అన్నింటిలోనూ ఒకే విడతలో పొదిగిన డింభకాలు ఉండాలి. నీడలో ఉన్న వరుసకు ఒక మేత, కిటికీ పక్కనున్న వరుసకు మరొక మేత కేటాయిస్తే తేలేది వెలుతురు ప్రభావమే కాని మేత ప్రభావం కాదు.

నర్సరీకి తరలింపు

పదిహేను రోజుల చిరుపిల్లలను అడుగున పలుచగా మట్టి పరచిన సిమెంటు తొట్లలోకి ఉదయపు వేళ, నీటి ఉష్ణోగ్రతలు సమానమైన తరువాత వదలాలి. నీటిని ముందుగా వల బట్టతో వడకట్టాలి. తూనీగ పిల్లలు, నీటి నల్లులు, కప్పలు, పక్షులు ఈ దశలో ప్రధాన శత్రువులు. తొట్ల మీద వల తప్పనిసరి. వాన రాత్రులలో పిల్లలు గోడ ఎక్కి పాకిపోకుండా అంచులకు లోపలి వైపు వంపు ఉండేటట్లు వల కట్టాలి.

ముగింపు

మార్పు చేప డింభకాల నష్టంలో చాలా భాగం నివారించదగినది. అందుకు కావలసిన సామగ్రి చాలా వరకు సామాన్యమైనది: భూతద్దం, జల్లెడ, సైఫన్ గొట్టం, నల్లని షీటు, మొయినా తొట్లు, నమోదు పుస్తకం. హేచరీని సందర్శించే విస్తరణ శాస్త్రవేత్త మందుల పేర్లు సూచించే ముందు ఐదు విషయాలు అడిగి తెలుసుకోవాలి: నష్టం ఎన్నవ రోజున ఎక్కువగా జరిగింది; కళేబరాలు దొరికాయా, లేక డింభకాలు కనిపించకుండా పోయాయా; తొలి మేత ఏ రోజున, ఏ వేళలలో వేశారు; పొడి మేతకు ఎన్ని రోజులలో మళ్ళించారు; తొట్టిలోని డింభకాలు ఒకే విడతవేనా. ఈ ఐదింటికి సమాధానాలు దొరికితే చాలా సందర్భాలలో కారణం అక్కడే తేలుతుంది. సమాధానాలు దొరకకపోతే, ఇవ్వవలసిన మొదటి సలహా రోజువారీ నమోదు ప్రారంభించమని. దేశీయ మార్పు చేప పిల్ల తగిన సంఖ్యలో, తగిన ధరలో రైతుకు అందినప్పుడే సహజ జలాల మీద ఒత్తిడి తగ్గుతుంది, నిషిద్ధ జాతి సాగుకు ఆకర్షణ తగ్గుతుంది. అందుకు ఆధారం ఈ తొలి పదిహేను రోజుల శ్రద్ధ.